విన్నవారే తేల్చాలి
లైసెన్సు విచారణల్లో కూర్చునే స్థానిక ప్రజాప్రతినిధులకు శిక్షణ: ఉదయగిరి, ఆత్మకూరుల వైపు నుంచి ఒక సమీక్ష

ఒక తోపుడు బండి ఉందనుకుందాం. దాని మీద గ్యాసు పొయ్యి, పెనం, దోసెల పిండి గిన్నెలు, పచ్చడి డబ్బా. ఆ బండి ఆత్మకూరు బస్టాండు దగ్గర నిలబడితే దానికి పార్లమెంటు చేసిన ఒక చట్టం అండగా ఉంటుంది. అదే బండిని ఉదయగిరి తీసుకెళ్లి అక్కడి బస్టాండు ముందు పెడితే ఆ అండ ఉండదు. ఆత్మకూరు మున్సిపాలిటీ, ఉదయగిరి గ్రామ పంచాయతీ. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం పట్టణాల పొలిమేర దాటదు. పంచాయతీ ఊళ్లో బండివాడి జేబులో మహా అయితే ఆశీలు పాట పాడుకున్నవారి మనిషి చింపి ఇచ్చిన చీటీ ఉంటుంది. డబ్బు కట్టాడనడానికి అది సాక్ష్యం. రేపు కూడా అక్కడే నిలబడవచ్చనడానికి సాక్ష్యం కాదు.

రెండు ఊళ్లకూ ఒక పోలిక మాత్రం ఉంది. ఆ బండి మీదో, పక్క వీధిలోని పిండిమర మీదో, ఊరిచివరి కోళ్లఫారం మీదో తగాదా వచ్చినప్పుడు రెండు పక్షాల మాటా విని ఏదో ఒకటి తేల్చాల్సిన బాధ్యతలో కొంత భాగం ఓట్లతో గెలిచి వచ్చినవారి మీద పడుతుంది. వాళ్లు కౌన్సిలర్లు, వార్డు మెంబర్లు, సర్పంచులు. ఒకరి బతుకుతెరువును నిలబెట్టే లేదా తీసేసే ఆ పనిని వాళ్లకు ఎవరు నేర్పారు, నేర్పాలని చట్టం అడుగుతోందా, అడగకపోతే అడగాలా అన్నదే ఈ సమీక్షలో చూడబోయే ప్రశ్న.

ఏ కాగితం ఎవరి చేతిలో

ముందుగా ఒక అపోహ తీసేసుకోవాలి. ఊళ్లో నడిచే ప్రతి వ్యాపారానికీ పంచాయతీయో మున్సిపాలిటీయో అనుమతి ఇస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పెద్ద లైసెన్సులన్నీ వాళ్ల చేతిలో లేవు. మద్యం దుకాణం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద ఎక్సైజ్ శాఖది. సినిమా హాలు 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద రెవెన్యూ అధికారులది. టపాసుల దుకాణం 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల కిందికి వస్తుంది. హోటల్లో వండే తిండి నాణ్యత సంగతి 2006 నాటి ఆహార భద్రత చట్టం చూసుకుంటుంది. వీటిలో స్థానిక సంస్థ పాత్ర ఏమైనా ఉంటే అది ఒక ఎన్‌ఓసీ దగ్గరో, ఒక తీర్మానం దగ్గరో ఆగిపోతుంది.

ఇక మిగిలేది చిన్నదిగా కనిపిస్తుంది గానీ రోజువారీ జీవితానికి చాలా దగ్గరది. ఆఫీసుల్లో ‘డి అండ్ ఓ’ అని పిలిచే ట్రేడ్ లైసెన్సు, అంటే ప్రమాదకరమో ఇరుగుపొరుగుకు ఇబ్బందికరమో అయిన వ్యాపారాలకు ఇచ్చే అనుమతి, అందులో ముఖ్యమైనది. పంచాయతీల్లో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం, పట్టణాల్లో 1965 నాటి మున్సిపాలిటీల చట్టం దీనికి ఆధారం. కట్టెల అడితి, పిండిమర, వెల్డింగు షాపు, తోళ్ల నిల్వ వంటివి ఈ కోవలోకి వస్తాయి. వీటికి సంతలు, మాంసం దుకాణాలు, కబేళాలు తోడవుతాయి. ఉదయగిరి కొండల కలపతో చెంచాలు, గరిటెలు చెక్కే కళాకారులకు దేశవిదేశాల్లో పేరుంది. వాళ్ల ఇంటి వసారాలో కొత్తగా ఒక మోటారు పెట్టుకుంటే, గోడ అవతలివాళ్లు మోత భరించలేమంటే, ఆ తగువు మొదట వెళ్లే గడప ఢిల్లీదో అమరావతిదో కాదు, పంచాయతీ ఆఫీసుదే.

మున్సిపాలిటీలో రోజువారీ లైసెన్సు ఇచ్చేది కమిషనర్. కౌన్సిల్ ఫీజులు నిర్ణయిస్తుంది, తీర్మానాలు చేస్తుంది. అయితే కౌన్సిలర్లు న్యాయపీఠం మీద కూర్చోవడం మనకు కొత్తేమీ కాదు. నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1920 నాటి మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టం ప్రకారం లైసెన్సు నిరాకరిస్తే కౌన్సిల్‌కే అప్పీలు చేసుకునేవారు. 2014 చట్టం ఆ పాత కుర్చీని మళ్లీ తెచ్చి వేసింది.

కుర్చీ వేశారు, పాఠం మరిచారు

వీధి వ్యాపారుల చట్టం అమలుకు టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. మున్సిపల్ కమిషనర్ దానికి అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు తమలో తాము ఎన్నుకున్నవారై ఉండాలి. వారిలో మూడోవంతు మహిళలు. వ్యాపార ధ్రువపత్రం ఇవ్వకపోయినా, ఇచ్చినదాన్ని రద్దు చేసినా, కొంతకాలం ఆపినా, బాధితుడు స్థానిక సంస్థకు అప్పీలు చేసుకోవచ్చని 11వ సెక్షన్ చెబుతోంది. అప్పీలుదారు మాట వినకుండా దాన్ని పరిష్కరించకూడదని కూడా అదే సెక్షన్ గట్టిగా చెప్పింది. స్థానిక సంస్థ అంటే ఏమిటో చట్టమే నిర్వచించింది. మున్సిపల్ కౌన్సిల్ అందులో ఉంది, గ్రామ పంచాయతీ లేదు.

ఈ చట్టంలో పక్కపక్కన పెట్టి చదవాల్సిన సెక్షన్లు ఇంకో రెండున్నాయి. వ్యాపారుల తగాదాలు, ఫిర్యాదులు వినే కమిటీ గురించి 20వ సెక్షన్ చెబుతుంది. దానికి అధ్యక్షత వహించేది గతంలో సివిల్ జడ్జిగానో జ్యుడిషియల్ మేజిస్ట్రేటుగానో పనిచేసినవారై ఉండాలి. స్థానిక సంస్థ ఉద్యోగులు అందులో ఉండకూడదు. అంటే చట్టం రాసినవాళ్లకు విచారణ అంటే ఏమిటో బాగా తెలుసు. ఇక 32వ సెక్షన్ శిక్షణ గురించినది. వీధి వ్యాపారులకు తమ హక్కులు తెలిసేలా ప్రభుత్వం కార్యక్రమాలు పెట్టవచ్చని అందులో ఉంది. అడిగేవాడికి పాఠం చెప్పాలని గుర్తొచ్చింది. ఫిర్యాదు వినే కమిటీకి జడ్జి అనుభవం కావాలనీ గుర్తొచ్చింది. మధ్యలో అప్పీలు వినే స్థానిక సంస్థకు ఏం తెలిసి ఉండాలన్నది మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ అప్పీలు చిన్న సంగతి కాదు. వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగంలోని వృత్తి స్వేచ్ఛలో భాగమని, దానికి హద్దులు పెట్టవచ్చు గానీ లేదనడానికి వీల్లేదని సోదాన్ సింగ్ కేసులో 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నెల్లూరు నుంచి ముంబై వైపు పోయే రోడ్డు పక్కన అట్లు పోసుకునే మనిషికి ఆ హక్కు ముందుగా తారసపడేది సుప్రీంకోర్టులో కాదు, మున్సిపల్ ఆఫీసులో.

కృష్ణా జిల్లా బస్సులు నేర్పిన పాఠం

విచారణ అంటే ఏమిటో మన తెలుగు నేల మీది కేసే దేశానికంతటికీ నేర్పింది. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడ్డాక, కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సులు తిరిగే రూట్లను సంస్థకు అప్పగించే పథకం వచ్చింది. పర్మిట్లున్న యజమానులు అభ్యంతరాలు చెప్పుకున్నారు. వాటిని విన్నది రవాణా శాఖ కార్యదర్శి. పథకాన్ని ఆమోదించింది ముఖ్యమంత్రి. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా 1959 లా రిపోర్టులకెక్కిన ఈ వ్యవహారంలో సుప్రీంకోర్టు ఆ ఆమోదాన్ని కొట్టేసింది. మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ కోకా సుబ్బారావు. ఒకరు విని ఇంకొకరు తేల్చితే వినడం ఉత్త తంతుగా మిగులుతుందని ఆ తీర్పు సారం. పైగా పథకంతో సంబంధమున్న శాఖకే అధిపతి అయిన కార్యదర్శి తానే విచారణ జరపడం కూడా తప్పేనంది.

ఆ ఒక్క సూత్రాన్ని మన పంచాయతీ ఆఫీసులోకి తెచ్చి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక సంస్థల సీట్లలో సగం మహిళలవి. గెలిచింది ఆమె, కుర్చీలో కూర్చునేది ఆయన అన్న దృశ్యం మనకు అలవాటైపోయింది. 2023లో ఈ ‘భర్త పెత్తనం’ మీద కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఒక కమిటీనే వేయాల్సి వచ్చింది. మామూలు సమావేశంలో అది మర్యాదకు, ప్రజాస్వామ్యానికి సంబంధించిన లోపం. లైసెన్సు విచారణలో అది ఉత్తర్వునే కూల్చే లోపం. భర్త విని భార్య సంతకం పెడితే అది కృష్ణా జిల్లా బస్సుల కథే, చిన్న గదిలో మళ్లీ నడిచినట్టు.

రెండో పాఠం 1969 నాటి క్రైపాక్ కేసు నుంచి వచ్చింది. జమ్మూ కశ్మీర్‌లో అటవీ శాఖ ఉద్యోగాల ఎంపిక బోర్డులో కూర్చున్న అధికారి తాను కూడా అభ్యర్థే. తన పేరు చర్చకొచ్చినప్పుడు పక్కకు తప్పుకున్నాడు. తన పోటీదారుల పేర్లు వచ్చినప్పుడు మాత్రం కూర్చున్నాడు. సగం తప్పుకోవడం చాలదని కోర్టు చెప్పింది. చిన్న ఊళ్లకు ఇది నేరుగా తగిలే మాట. సొంత ఆర్థిక ప్రయోజనం ఉన్న అంశం మీద సభ్యుడు ఓటు వేయకూడదన్న మాట మన స్థానిక సంస్థల చట్టాలకు పాతదే. కానీ చిక్కు డబ్బు దగ్గరే ఆగదు. ఊళ్లో ప్రతివాడూ ఏదో ఒక వరస. ఫిర్యాదు చేసినావిడ పిన్నమ్మ వరస, మిల్లు యజమాని బావమరిది చిన్నప్పటి స్నేహితుడు. అందరినీ తప్పుకోమంటే విచారించేవాడే మిగలడు. ఎవరినీ తప్పుకోమనకపోతే తీర్పు మీద నమ్మకం మిగలదు. ఆ గీత ఎక్కడ గీయాలో పుస్తకం చదివితే రాదు. కొన్ని ఉదాహరణలు ముందు పెట్టుకుని, నలుగురూ కలిసి వాదించుకుంటేనే తెలుస్తుంది. శిక్షణ అవసరం మొదలయ్యేది ఇక్కడే.

ఉన్న శిక్షణ దేనికి

అసలు శిక్షణే లేదని అనడం తప్పవుతుంది. కేంద్రం 2018 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన రాష్ట్రీయ గ్రామ స్వరాజ్ అభియాన్ లక్ష్యం ప్రకారం, గెలిచిన ఆరు నెలల్లోగా పంచాయతీ ప్రతినిధులకు ప్రాథమిక శిక్షణ, రెండేళ్లలోగా పునశ్చరణ అందాలి. రాష్ట్ర గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది. శ్రీకాళహస్తి, బాపట్ల, సామర్లకోటల్లో శిక్షణ కేంద్రాలున్నాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది. పట్టణాల కౌన్సిలర్లకు పాఠాలు చెప్పే ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చాలాకాలంగా నడుస్తోంది.

ఆ పాఠాల్లో ఏముందన్నది చూడాలి. పంచాయతీ అభివృద్ధి ప్రణాళికకు కేంద్రం తొమ్మిది అంశాలు పెట్టింది. పేదరికం లేని ఊరు, ఆరోగ్యం, పిల్లలు, నీరు, పరిశుభ్రత, మౌలిక వసతులు, సామాజిక భద్రత, సుపరిపాలన, మహిళలు. ఒక్కటీ తీసెయ్యదగ్గది కాదు. ఫ్లోరైడ్ నీళ్లతో, వలసలతో సతమతమయ్యే ఉదయగిరి మెట్టకైతే అన్నీ కావాల్సినవే. కానీ ఈ పట్టిక చూస్తే ప్రభుత్వం పంచాయతీని ఏ కంటితో చూస్తోందో అర్థమవుతుంది. డబ్బు వస్తుంది, ప్రణాళిక వేయాలి, ఖర్చు పెట్టాలి, లెక్క చెప్పాలి. ఇద్దరి మధ్య తగువు వినే చోటుగా పంచాయతీ అందులో కనిపించదు. సుపరిపాలన అన్న పెద్ద గొడుగు కింద దాన్ని ఇరికించవచ్చు గానీ, గొడుగు పట్టినంత మాత్రాన పాఠం చెప్పినట్టు కాదు.

చెప్పాల్సిన పాఠంలో అసలు ముడి వేరే ఉంది. మంచి వార్డు మెంబరని మనం ఎవరిని అంటాం? రాత్రి పదింటికి తలుపు కొట్టినా లేచి వచ్చి మన మాట విని, ఆఫీసరుకు ఫోను చేసి, మన తరఫున వకాల్తా పుచ్చుకునేవాణ్ని. ప్రజాప్రతినిధి పనికి అది ప్రాణం. విచారణ దగ్గరకొచ్చేసరికి అదే అలవాటు విషమవుతుంది. ఒక పక్షం రాత్రి ఇంటికొచ్చి చెప్పుకుంది, రెండో పక్షానికి ఆ సంగతి తెలియదు. కోళ్లఫారం వాసన ఎలా ఉందో చూద్దామని మెంబరు ఒక్కడే వెళ్లాడు, యజమాని కాఫీ ఇచ్చి తన గోడంతా చెప్పాడు. ఎన్నికల ప్రచారంలో ఆ మిల్లు మూయిస్తానని మాటిచ్చాడు, ఇప్పుడు ఆ మిల్లు మీదే తేల్చాలి. వీటిలో ఏదీ లంచం కాదు, దురుద్దేశం కాదు. మంచి నాయకుడు చేసే మంచి పనులే. అందుకే ఇవి తప్పని తనంతట తానుగా ఎవరికీ తట్టదు. అవినీతిపరుణ్ని శిక్షణ మార్చలేకపోవచ్చు. మంచివాడు తెలియక చేసే తప్పును మాత్రం తప్పకుండా ఆపగలదు.

బయట ఏం చేస్తున్నారు

ఈ ప్రశ్నకు అందరికంటే గట్టి జవాబు ఇచ్చింది స్కాట్లండ్. అక్కడ మద్యం లైసెన్సులు తేల్చే బోర్డుల్లో కూర్చునేది స్థానిక కౌన్సిలర్లే. 2005 నాటి లైసెన్సింగ్ చట్టం ప్రకారం బోర్డుకు ఎన్నికైన సభ్యుడు మూడు నెలల్లోగా నిర్ణీత శిక్షణ పూర్తి చేయాలి. చేసినట్టు కాగితం చూపే వరకు బోర్డు పనుల్లో పాల్గొనడానికి వీల్లేదు. గడువు దాటితే బోర్డు పదవే పోతుంది. కౌన్సిలర్ పదవికి మాత్రం ఢోకా లేదు.

పక్కనే ఉన్న ఇంగ్లండ్ అంత దూరం పోలేదు. అక్కడ మద్యం అనుమతులు ఒకప్పుడు మేజిస్ట్రేట్ల చేతిలో ఉండేవి. 2003 చట్టంతో అవి కౌన్సిళ్లకు మారాయి. ముగ్గురేసి కౌన్సిలర్ల ఉపసంఘాలు విచారణ జరుపుతాయి. అంటే న్యాయమూర్తి పని రాజకీయ నాయకుడికి వచ్చింది గానీ న్యాయమూర్తికుండే తప్పనిసరి శిక్షణ దాంతోపాటు రాలేదు. 2017లో ప్రభువుల సభ కమిటీ ఒకటి ఈ పద్ధతిని తీవ్రంగా తప్పుపట్టింది. శిక్షణ పొందని కౌన్సిలర్ విచారణలో పాల్గొనకూడదని సిఫారసు చేసింది. టాక్సీ లైసెన్సుల విషయంలో దెబ్బ తిన్నాక మేలుకున్నారు. రోథరమ్ పట్టణంలో బాలికలపై జరిగిన ఘోరాల మీద 2015లో వచ్చిన కేసీ నివేదిక, టాక్సీ లైసెన్సుల నిర్వహణలోని లోపాలను కూడా బయటపెట్టింది. 2020లో వచ్చిన జాతీయ ప్రమాణాలు, టాక్సీ లైసెన్సు తేల్చే ప్రతి ఒక్కరూ తగిన శిక్షణ పొంది ఉండాలన్నాయి.

మన దేశంలోనే రెండు దారులు కనిపిస్తాయి. కేరళలో స్థానిక సంస్థల నిర్ణయాల మీద అప్పీళ్లు వినడానికి జిల్లా జడ్జి స్థాయి వ్యక్తితో ప్రత్యేక ట్రిబ్యునల్ తిరువనంతపురంలో ఉంది. త్రిసూర్ దగ్గరి కిలా సంస్థ ప్రజాప్రతినిధుల శిక్షణకు దేశంలోనే పేరు మోసింది. బిహార్‌లో 2006 చట్టం కింద గ్రామ కచేరీలున్నాయి. అక్కడ చిన్న తగువులు తీర్చే సర్పంచ్‌ను ప్రజలే ఎన్నుకుంటారు. పక్కన సలహాకు న్యాయమిత్ర పేరుతో లా చదివిన మనిషి ఉంటాడు. తేల్చేది ఊరి మనిషే, తడబడినప్పుడు పట్టుకునే చెయ్యి మాత్రం చట్టం తెలిసినది. మనకు దగ్గరగా పనికొచ్చే నమూనా ఇదే అనిపిస్తుంది.

కాదనేవారి మాట

ఈ ఆలోచన మీద అభ్యంతరాలు తేలికైనవేమీ కావు. మొదటిది ప్రజాతీర్పు గురించి. జనం ఓటేసి గెలిపించాక ఇంకా పరీక్షేమిటని అడుగుతారు. హర్యానా పంచాయతీ ఎన్నికల్లో పోటీకి చదువు అర్హతలు పెడితే 2015 డిసెంబరులో రాజబాల కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. రాజస్థాన్ కూడా అలాంటి షరతే పెట్టి 2019లో తీసేసింది. పోటీకి చదువు షరతు పెట్టడం ఎక్కువగా పేద మహిళలను, దళితులను గుమ్మం బయటే ఆపుతుంది. ఆ షరతును ఈ వ్యాసం సమర్థించడం లేదు. స్కాట్లండ్ చూపించిన తేడా ఇక్కడ ముఖ్యం. పోటీకి షరతు లేదు, గెలుపుకు షరతు లేదు, పదవికి షరతు లేదు. ఒకరి బతుకును తేల్చే ఆ ఒక్క కుర్చీలో కూర్చునే ముందు మాత్రం షరతు. చదువు రానివారికి కూడా ఈ శిక్షణ అందేలా మాటల్లో, నాటికల్లో చెప్పడం సర్కారు బాధ్యత.

రెండో అభ్యంతరం: ఇప్పుడంతా ఆన్‌లైనే కదా, దరఖాస్తు సచివాలయంలో పెట్టి ఫీజు కడితే పనైపోతుంది, విచారణ ఎక్కడుంది? ఇది సగమే నిజం. లైసెన్సు ఇవ్వడం సులువైనకొద్దీ తగాదా ముందు కాకుండా తరవాత వస్తుంది. మోటారు తిరగడం మొదలయ్యాక, అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టాక వచ్చే ఫిర్యాదును విచారించడం ఇంకా కష్టం. అప్పుడు పోయేది దరఖాస్తు కాదు, నడుస్తున్న బతుకు.

మూడోది కేరళ వైపు చూపించే అభ్యంతరం. ప్రజాప్రతినిధులను పూర్తిగా తప్పించి జడ్జికి అప్పగిస్తే పోదా? పెద్ద వ్యవహారాలకు అది మేలే. కానీ ఉదయగిరిలో పిండిమర పెట్టుకున్నవాడు ఏడాదికి కట్టే లైసెన్సు ఫీజు ఎంత, రాజధానికి పోయి రావడానికి బస్సు చార్జీ, పోయిన కూలీ కలిపి ఎంత? అంత దూరం పోలేనివాడికి ఊళ్లోని విచారణే మొదటిదీ చివరిదీ. దగ్గరి న్యాయం లోపభూయిష్టమైతే దాన్ని బాగుచేసుకోవాలి గానీ దూరంగా విసిరేయకూడదు.

నాలుగోది ఖర్చు గురించి. ఏడాదికి ఒకటో రెండో విచారణలు జరిగే ఊరికి ఇంత తతంగం అవసరమా? అరుదుగా చేసే పనికే శిక్షణ ఎక్కువ కావాలి. రోజూ చేసేది చేస్తూ చేస్తూ వస్తుంది. ఎప్పుడో ఒకసారి చేసేది నేర్చుకుంటేనే వస్తుంది.

అక్షరదీపం వెలుగులో

శిక్షణ వల్ల లైసెన్సులు మారతాయా అని అనుమానించేవాళ్లు ఉదయగిరి నియోజకవర్గంలోనే ఉన్న దూబగుంటను తలుచుకోవాలి. కలిగిరి మండలంలోని ఆ ఊరి పేరు 1992లో రాష్ట్రమంతా మోగింది. అంతకుముందు ఏడాది నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా పొలంలో పనిచేసి రాత్రి లాంతరు ముందు కూర్చున్న ఆడవాళ్ల చేతికి ఇచ్చిన వాచకాల్లో వాళ్ల బతుకే పాఠమైంది. సారా తాగే భర్త కథ చదువుతున్నప్పుడు అది పక్కింటి కథో తన ఇంటి కథో అని వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. దూబగుంట ఆడవాళ్లు ఏకమై ఊళ్లోకి సారా రానివ్వలేదు. ఆ సంగతి ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠమై తరవాతి వాచకంలోకి ఎక్కి ఊరూరికీ వెళ్లింది. దూబగుంట రోశమ్మగా అందరూ ఎరిగిన వర్ధినేని రోశమ్మ ఆ పోరాటానికి ముఖమయ్యారు.

ఇందులో లైసెన్సు మాట ఎక్కడుందంటే, అసలు కథ నడిచిందే అక్కడ. సారా దుకాణాల హక్కును ఏటా వేలం వేసేవారు. ఎక్కువ పాడినవాడికి దుకాణం. ఆ దుకాణం వల్ల చితికిపోయే కుటుంబం మాట వినడానికి ఆ పద్ధతిలో ఎక్కడా చోటు లేదు. అభ్యంతరం చెప్పుకునే గడువు లేదు, విచారణ లేదు, కారణాలు రాసిన ఉత్తర్వు లేదు. అందుకే ఆడవాళ్లు వేలం జరిగే చోటికే వెళ్లి అడ్డుకున్నారు. నెల్లూరులో వేలం మళ్లీమళ్లీ వాయిదా పడింది. 1993 ఏప్రిల్ 15 నుంచి జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది.

ఆ చరిత్రను మనం స్త్రీ శక్తి కథగా చెప్పుకుంటాం. అది నిజమే. అందులో ఇంకో సత్యం కూడా ఉంది: వినే చోటు లేనప్పుడు అడ్డం పడటమొక్కటే మిగులుతుంది. ఈ పాఠం పూర్తిగా ఒంటబట్టినట్టు లేదు. 2024 అక్టోబరులో రాష్ట్రంలోని 3,396 మద్యం దుకాణాలకు లాటరీ తీశారు. వేలం పోయి చీటీ వచ్చింది. డబ్బున్నవాడి బదులు అదృష్టమున్నవాడికి దుకాణం దక్కింది. ఆ వీధిలో ఉండేవాళ్ల మాట వినే తలుపు మాత్రం రెండు పద్ధతుల్లోనూ మూసే ఉంది. మహారాష్ట్రలో మహిళా ఓటర్లలో పావు వంతు మంది అడిగితే ఓటింగ్ పెట్టి, సగానికి పైగా వద్దంటే దుకాణం మూయించే ఏర్పాటుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం గ్రామసభలకు మద్యం మీద అధికారం ఇచ్చింది. నెల్లూరు మెట్ట ఈ రెండింటి పరిధిలోకీ రాదు.

అక్షరదీపం ఇంకో సంగతి కూడా రుజువు చేసింది. పెద్దవాళ్లకు, అలసిపోయి వచ్చినవాళ్లకు, అక్షరం రానివాళ్లకు కూడా హక్కుల పాఠం చెప్పవచ్చు. వాళ్ల బతుకులోంచి తీసిన ఉదాహరణతో చెప్పాలి, అంతే. మెంబర్లకు ఇవన్నీ అర్థం కావని అనేవాళ్లకు ఈ మెట్టలోనే ముప్పై ఏళ్ల కిందట జవాబు దొరికింది.

ఏం నేర్పాలి, ఎప్పుడు నేర్పాలి

అయితే చేయాల్సిందేమిటి? చట్టాలన్నీ బట్టీ పట్టించడం కాదు. సెక్షన్లు చెప్పడానికి కార్యదర్శి ఉన్నాడు, కమిషనర్ ఉన్నాడు, అవసరమైతే లీగల్ సర్వీసెస్ అథారిటీ నుంచి ఒక న్యాయవాదిని కూర్చోబెట్టుకోవచ్చు. సభ్యుడికి కావాల్సినవి నాలుగు అలవాట్లు. తప్పుకోవాల్సినప్పుడు మొదటే, మొత్తంగా తప్పుకోవడం. ఇద్దరినీ ఒకే చోట, ఒకరి మాట ఇంకొకరు వినేలా వినడం. చూడాల్సిన చోటుంటే ఇద్దరికీ చెప్పి అందరూ కలిసి వెళ్లడం. చివరికి ఎందుకిలా తేల్చామో నాలుగు వాక్యాల్లో, ఓడినవాడికి కూడా అర్థమయ్యే తెలుగులో రాయడం. కారణం రాసిన ఉత్తర్వును పై అధికారి దిద్దగలడు. కారణం లేని ఉత్తర్వు మీద అప్పీలు వేయడానికి కూడా పట్టు దొరకదు.

దీనికి రెండు రోజులు చాలు. ఒక రోజు మాటలు, ఒక రోజు మాదిరి విచారణ. ఆత్మకూరు కౌన్సిలర్లు బండివాళ్లుగా, ఉదయగిరి మెంబర్లు కోళ్లఫారం పక్కింటివాళ్లుగా నటించి చూడాలి. తన మాట పూర్తి కాకముందే చైర్మన్ అడ్డుపడితే ఎలా ఉంటుందో ఒకసారి అనుభవించినవాడు, రేపు చైర్మన్ అయినప్పుడు అడ్డుపడే ముందు ఆగుతాడు. ఈ రెండు రోజులూ ప్రమాణస్వీకారం అయిన మూడు నెలల్లోగా జరగాలి. అప్పటిదాకా అప్పీళ్లలో కూర్చోకూడదన్న నియమం రాష్ట్ర ప్రభుత్వం తేవాలి. పదవి పోతుందన్న బెదిరింపు అక్కర్లేదు. శిక్షణ పొందినవారి పేర్లు ఆఫీసు గోడ మీద అంటిస్తే చాలు. తన విషయం వినేవారికి వినడం వచ్చో లేదో తెలుసుకునే హక్కు విచారణకు వచ్చినవాడికుంది.

2021 ఫిబ్రవరిలో పంచాయతీలకు, మార్చిలో ఆత్మకూరు సహా మున్సిపాలిటీలకు ఓట్లు పడినప్పుడు గెలిచినవారికి దండలు వేశారు, ప్రమాణం చేయించారు, కుర్చీ చూపించారు. ఆ కుర్చీకి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడబోయే మనిషి ఆ రోజు ఎవరికీ కనిపించి ఉండడు. తరవాతి ప్రమాణస్వీకారం రోజున అతణ్ని కూడా సభలోకి పిలిచి, కొత్త సభ్యుల ఎదురుగా ఒక కుర్చీ వేసి కూర్చోబెడితే శిక్షణలో మొదటి పాఠం అక్కడే అయిపోతుంది.